లేచానన్న చిప్

చైనులు చేసిన పెట్టెని తాతరాజు గారి రొయ్యల చెరువు గట్టున పెట్టి వారమైంది. నీళ్లలో ఉన్న మీటరు, ఆక్సిజన్ ఎంతుందో వైరు మీద అంకె పంపిస్తుంది. అంకె తగ్గితే పెట్టెలోని చిప్, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పాలి. బ్యాటరీ ఆదా కోసం మిగతా వేళంతా ఆ చిప్ నిద్రపోతుంది, అంకె పంపే ముందు మీటరు తట్టి లేపుతుంది. అంతా బాగానే ఉంది గానీ, చెడిందల్లా అంకెలే. మీటరు మూడు పంపితే చిప్ ఎనిమిది అని చదువుకుని, ఏరేటర్ల జోలికే పోలేదు.

ఆ పొద్దున రొయ్యలు గాలాడక పైకి తేలాయి. తాతరాజు గారు కళ్లారా చూసి తనే స్విచ్ వేశారు కాబట్టి బతికిపోయాయి. "సాయంత్రానికి బాగుచెయ్యి, లేదంటే పెట్టె పీకేస్తాను," అన్నారాయన. అనరూ మరి!

చైనులు పెట్టె విప్పి చంకన పెట్టుకుని, తనకు పని నేర్పిన భానోజీ మాస్టారి షాపుకి పరిగెత్తాడు.

"వైరు మార్చాను, మీటరు మార్చాను. నా చిప్‌ని మాత్రం ఏమీ అనకండి మాస్టారూ. తట్టగానే లేస్తుంది, లేచానని చెబుతుంది కూడా."

కుర్రాడికి ధీమాకేం లోటు లేదు. "ముందు అన్నం తిను," అన్నారు మాస్టారు.

పొద్దున్నుంచి ఎండలో తిరిగిన ఒళ్లు, పైగా గోంగూర పప్పు. చైనులు బల్ల మీదే తల వాల్చి నిద్రపోయాడు. మాస్టారు వచ్చి భుజం తట్టారు.

"లేచావా?"

"లేచాను మాస్టారూ."

"బజారెళ్లి తొమ్మిది వోల్టుల బ్యాటరీ పట్రా. పన్నెండుది వద్దు."

"అలాగేనండి."

వెళ్లి, పన్నెండు వోల్టులది మోసుకొచ్చాడు.

"ఇది వద్దన్నాను కదయ్యా."

"మీరు పన్నెండే అన్నారు మాస్టారూ. ఏమో, నిద్రమత్తులో సరిగ్గా..."

"లేచానన్నావుగా?"

అని మాస్టారు తన పనిలో పడిపోయారు.

కాసేపటికి చైనులు లాప్‌టాప్ తెరిచి, పెట్టెకి తగిలించి, చిప్ లేచే ఆ తొలి క్షణాన్ని పట్టి చూశాడు. అది లేచానంటోంది గానీ, అంకెల్ని సరిగ్గా చదివించే దాని లోపలి గడియారం అప్పటికింకా కుదురుకోలేదు. సరిగ్గా అప్పుడే అంకె వచ్చి మీద పడుతోంది. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

సాయంత్రం ముగ్గురూ గట్టు మీద నిలబడ్డారు. పెట్టె మీద మూడు కనబడింది. ఏరేటర్లు వాటంతటవే తిరగడం మొదలెట్టాయి.

"ఏం మార్చావయ్యా?" అడిగారు తాతరాజు గారు.

చైనులు మాస్టారి వైపు చూశాడు.

"పెద్దగా ఏం లేదండి. మీటర్ని, చిప్‌ని తట్టి లేపాక, కాస్త మొహం కడుక్కోనిచ్చి, అప్పుడు అంకె చెప్పమన్నాను."