మబ్బుసంత ముడులు

గుర్రపువాగుకు రెండు వైపులా పరుచుకున్న అడవి పేరు తుమ్మెదకోన. ఇటు ఒడ్డున గిజిగాళ్లు, చిలుకలు, ఉడుతలు, చీమలు ఉండేవి. అటు ఒడ్డున కుందేళ్లు, ముళ్లపందులు, కొండముచ్చులు, పందికొక్కులు ఉండేవి. ఇటు గడ్డిగింజలకు కొదవ లేదు. అటు దుంపలకు, ఇప్పపూలకు లోటు లేదు.

ఎండాకాలంలో వాగు దాటి ఒకరివి ఒకరు ఇచ్చిపుచ్చుకునేవారు. వానలు మొదలైతే మాత్రం నలభై రోజులు ఆ వాగులో ఏనుగు కూడా కాలు పెట్టదు. పిట్టలు ఎగిరి వెళ్లొచ్చు కదా అంటారేమో! పిట్ట ముక్కున ఎన్ని గింజలు పడతాయి? ఆ ఈదురుగాలిలో రెక్క విప్పడమే గగనం.

పోయిన ఏడు అటు ఒడ్డున దుంపలన్నీ నేలలోనే కుళ్లిపోయాయి. చెవులక్క అనే కుందేలు ఐదుగురు పిల్లల్ని కన్నది. ఇద్దరే మిగిలారు.

ఆ సంగతి తెలిసినప్పటి నుంచి గరికకు మనసు మనసులో లేదు. గరిక ఒక ఆడ గిజిగాడు. పిట్ట చిన్నదే కానీ మాట గట్టిది.

"మన గింజలు ఇక్కడ తడిసి మొలకలొస్తున్నాయి. వాళ్ల పిల్లలు అక్కడ ఆకలితో పోతున్నారు. ఇదేం లెక్క?" అని తన ఒడ్డువారిని అడిగింది. అంతటితో ఆగలేదు. నేరుగా చెవులక్క దగ్గరికే వెళ్లి మాట ఇచ్చింది. "ఈసారి వానల్లో నీ గుమ్మం ముందుకే గింజలు వస్తాయక్కా. నాదీ పూచీ."

చెవులక్క కడుపుతో ఉంది. తల ఊపింది.

అప్పటికే ఇటు ఒడ్డున పసిడయ్య అనే గిజిగాడు ఒక పని మొదలుపెట్టాడు. అల్లికలో అతన్ని మించినవాడు లేడు. వాగుకు అటూ ఇటూ ఉన్న రెండు పెద్ద మద్దిచెట్ల మధ్య, మబ్బులు ఆనుకునేంత ఎత్తున, నారతో తాళ్లు కట్టాడు. వాటికి గడ్డి సంచులు వేలాడదీశాడు. సరుకు ఉన్నవారు సంచిలో వేస్తారు. కావలసినవారు ఎదుటి ఒడ్డు నుంచి తాడు లాగుతారు. సంచి జారుకుంటూ వస్తుంది. ఉన్నచోటు నుంచి కదలకుండానే బేరం అయిపోతుంది. అందరూ దాన్ని మబ్బుసంత అన్నారు.

గిజిగాళ్లలో ఒక ఆచారం ఉంది. గూడు అల్లేది మగపక్షి. పోచ పోచా లాగి చూసి, నిలుస్తుందో లేదో తేల్చేది ఆడపక్షి. గరిక వెళ్లి ఆ తాళ్లను లాగి చూసింది. గట్టిగానే ఉన్నాయి. కానీ ప్రతి ముడి మీదా బంకమట్టి మెత్తి ఉంది. ముడి కొస ఎక్కడుందో కనిపించదు.

"మామా, మట్టి ఎందుకు?" అని అడిగింది.

"ముడి అందరికీ తెలిస్తే ఇక నా గొప్పేముంది?" అన్నాడు పసిడయ్య. "సంత నాది. వాడుకునేవాళ్లు వాడుకోండి. ప్రతి సంచిలోనూ ఒక పాలు నాకు పెట్టండి."

"పాలు సరే. గాలివానకు తెగితే ఎవరు కడతారు?"

"నేనే."

"రెండు చోట్ల తెగితే?"

"తెగదు."

"తెగితే?"

"అమ్మాయ్, నీ పని లాగి చూడటం. చూశావుగా, ఇక వెళ్లు!" అన్నాడు పసిడయ్య. కొమ్మ మీదున్న గిజిగాళ్లంతా నవ్వారు.

గరిక వెళ్లింది. కానీ ఇంటికి కాదు. ఇంకో రెండు మద్దిచెట్లు చూసుకుని తానే అల్లడం మొదలుపెట్టింది. ముడులన్నీ పైకి కనిపించేలా వేసింది. ప్రతి కొసనూ బయటికే వదిలింది. చెట్టు కింద నిలబడి అందరినీ పిలిచింది.

"ఇది కూడా మబ్బుసంతే. ఎవరైనా వచ్చి చూడొచ్చు, నేర్చుకోవచ్చు. మీ సంచి మీరే అల్లుకోండి. మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి. ఒకటే షరతు. ఇంతకంటే మంచి ముడి మీకు దొరికితే నలుగురికీ చూపించాలి. దాచకూడదు."

ఒక చిలుక మూతి విరిచింది. "అందరిదీ అంటే ఎవరిదీ కాదు, గరికా. ఎవరిదీ కానిదాన్ని ఎవరు చూసుకుంటారు?"

"ఈ కోనలో దారులు ఎవరివమ్మా? నీవా, నావా? అయినా ముళ్లు పడితే తీసేవాళ్లు ఉన్నారుగా."

"అందరూ తీస్తారా?"

"అందరూ తీయరు. దారిన నడిచేవాళ్లు తీస్తారు. చాలు."

చిలుక ఇంకో మాట వెతుక్కునేలోపే ఉడుతలు చెట్టెక్కేశాయి.

నెల తిరిగేసరికి ఆ సంతను చూస్తే నవ్వొచ్చేది. ఉడుతల ముడులు వంకర. కొండముచ్చులు వేసిన తాడు లావు, చీమలు కుట్టిన సంచులు బుల్లివి. పసిడయ్య రోజూ వచ్చి చూసి, "కాకిగూడుకు తోకలు మొలిచినట్టుంది" అని పోయేవాడు. గరికకు కోపం వచ్చేది. కానీ చేతి నిండా పని.

ఒకరోజు అటు ఒడ్డు నుంచి గాదయ్య వచ్చాడు. అతనొక పందికొక్కు. ఎవరి గింజలు పోయినా ముందు అతని మీదే అనుమానం.

"వీడికి ముడులు చూపిస్తారా!" అని చిలుక కేకలు పెట్టింది. "దొంగ చేతికి తాళాలిచ్చినట్టే!"

గాదయ్య పట్టించుకోలేదు. మద్దిచెట్టు మొదట్లో, తాళ్లన్నిటినీ కాండానికి పట్టి ఉంచేలా గరిక వేసిన పెద్దముడి దగ్గర ఆగి, పళ్లతో కొస పట్టుకుని పక్కకు లాగాడు. ముడి బెత్తెడు జారింది.

"పిల్లా, ఇది గూటి ముడి" అన్నాడు. "బరువు కిందికి లాగితే ఆగుతుంది. వరదగాలి అడ్డంగా లాగుతుంది. అప్పుడు ఆగదు. నేను కొరికేవాణ్ని. ఏది ఎక్కడ తెగుతుందో కట్టేవాళ్లకంటే నాకే బాగా తెలుసు."

చుట్టూ ఇరవై మంది ఉన్నారు. గరిక ముఖం వేడెక్కింది. నాలుక చివర పదునైన మాట ఒకటి వచ్చి నిలబడింది. పందికొక్కు చెబితే గిజిగాడు వినాలా?

కానీ ముడి జారడం తన కళ్లతోనే చూసింది. దాచకూడదన్నది తన షరతే. ఆ మాటను మింగేసింది.

"ఎలా కట్టాలి, గాదయ్య మామా?" అని అడిగింది.

గాదయ్య తాడును కాండానికి రెండుసార్లు చుట్టి, కొసను చుట్ల కిందుగా దూర్చి బిగించాడు. గరిక నేర్చుకుంది. పక్కనున్న ఉడుత నేర్చుకుంది. సాయంత్రానికి రెండు ఒడ్డుల్లోనూ గరిక సంతవారిలో ఆ ముడి రానివారు లేరు.

పుష్యమి కార్తెలో వాన పట్టింది. వాగు ఒడ్డులు తెంచుకుని పారింది. అటు ఒడ్డున చెవులక్క ఆరుగురు పిల్లల్ని కన్నది. దుంపలు అప్పటికే మెత్తబడుతున్నాయి.

మొదట పసిడయ్య సంతే చక్కగా నడిచింది. నున్నటి తాళ్లు కదా! అటు ఒడ్డు వారిలో సగం మంది దాన్నే నమ్ముకున్నారు. తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం పెద్ద గాలి లేచింది. పసిడయ్య తాళ్లు మూడు చోట్ల వదులయ్యాయి. అతను ఒక చోట బిగిస్తుంటే ఇంకో చోట జారింది.

"మామా, కొస ఎక్కడో చెప్పు, మేం పట్టుకుంటాం!" అని అటు ఒడ్డు నుంచి కొండముచ్చులు అరిచాయి.

"ముట్టుకోవద్దు! నేనే వస్తున్నా!" అని పసిడయ్య అరిచాడు. కానీ ఆ గాలిలో రాలేకపోయాడు. ఆగలేక ఒక కొండముచ్చు మట్టి గీకి, కొస అనుకుని చేతికి అందినదాన్ని లాగింది. అది కొస కాదు, సంచులన్నిటినీ మోసే నడితాడు. సంతంతా సంచులతో సహా వాగులో పడి కొట్టుకుపోయింది.

గరిక సంత ఏడు చోట్ల తెగింది.

గరిక అప్పుడు ఇటు ఒడ్డున తడిసి ముద్దయి, కొమ్మను కరుచుకుని ఉంది. రెక్క విప్పబోతే గాలి వెనక్కి తోసేసింది. తాను కట్టిన సంత తెగుతుంటే చూస్తూ కూర్చోవలసి వచ్చింది. చెవులక్కకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది.

అప్పుడు ఒక ఉడుత తాడు మీద పాక్కుంటూ వెళ్లి తెగిన చోట ముడి వేసింది. కింద చీమలు చిరిగిన సంచికి బారు కట్టి కుట్టేశాయి. అటు ఒడ్డున కొండముచ్చులు కనిపించిన కొసనల్లా పట్టుకుని బిగించాయి. ఎవరూ ఎవరినీ అడగలేదు. గరికను అసలే అడగలేదు. పెద్దముడి మాత్రం అంగుళం కూడా జారలేదు.

గాలి తగ్గాక తాడు కదిలింది. అటు నుంచి ఎవరో లాగుతున్నారు. గింజల సంచి వాన తెరలోంచి ఊగుకుంటూ అటు ఒడ్డుకు చేరింది. దాని వెనుక ఇంకొకటి, దాని వెనుక ఇంకొకటి. పసిడయ్య సంతను నమ్ముకున్నవారికి కూడా ఆ తాడు మీదే గింజలు వెళ్లాయి.

నలభై రోజులు గడిచాయి. వాగు తగ్గింది. చెవులక్క ఆరుగురు పిల్లల్నీ వెంటబెట్టుకుని నీళ్లలో నడిచి ఇటు ఒడ్డుకు వచ్చింది. "లెక్కపెట్టుకో, గరికా" అంది. గరిక ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంది.

కొన్నాళ్లకు పసిడయ్య వచ్చాడు. అతను మళ్లీ సంత కడతానన్నా ఇప్పుడు ఎవరూ రారు. అతనికి పెట్టే పాలూ లేదు.

"ఆ పెద్దముడి... నాకు చూపిస్తావా?" అని మెల్లగా అడిగాడు.

"అది నాది కాదు మామా. గాదయ్యది. వెళ్లి అడుగు, చూపిస్తాడు."

"పందికొక్కునా? నేనా?"

గరిక ఒక పోచ అందుకుని అల్లడం మొదలుపెట్టింది.

పసిడయ్య కాసేపు కొమ్మ మీద అటూ ఇటూ జరిగాడు. "బదులుగా ఏం అడుగుతాడు?" అన్నాడు చివరికి.

"నేర్చుకున్నాక ఇంకొకరికి చూపించమంటాడు."

పసిడయ్య ఎగిరి వాగు దాటాడు. కోనలో అందరికంటే ఎత్తున గూడు కట్టే ఆ పక్షి నేల మీద వాలి, పందికొక్కు బొరియ ముందు తల వంచి, "గాదయ్య బావా, ఉన్నావా?" అని పిలిచింది.

నీతి: దాచుకున్న విద్య ఒక్కడి చేతిలోనే బతుకుతుంది, పదిమందికి పంచిన విద్య ఆపదలో అందరినీ బతికిస్తుంది.