పథ్యం లేని దీక్ష

ఏమయ్యా, "కార్తీకమాసం కదా, చుక్క ముట్టడం లేదు" అని మీసం దువ్వుకుంటూ ఊరంతా చెప్పుకు తిరుగుతున్నావు. మాసం ఎప్పుడు ముగుస్తుందా అని పంచాంగం తిరగేస్తున్నదీ నువ్వే కదా! మానితే మనసు మానాలి. నోరు మాత్రమే మానితే ఏమవుతుందో చెబుతాను, కూర్చుని విను.

కందిగిరి అని ఒకానొక రాజ్యం. దాన్నేలే ప్రచండవర్మకు పొద్దుగూకితే చేతిలో పానపాత్ర ఉండాలి. అలాంటివాడు ఒక ఏడు కార్తీకం రాగానే నిండు సభలో మద్యం మానుతున్నానని దీక్ష పట్టాడు. అంతటితో ఊరుకున్నాడా? "రాజే మానాక ప్రజలకేం? ఈ నెలలో ఎవరు తాగినా గుండు కొట్టించి గాడిదమీద ఊరేగిస్తాం" అని చాటింపు వేయించాడు.

వారం తిరక్కుండానే రాజుగారికి దగ్గు పట్టుకుంది. సరిగ్గా పొద్దుగూకే వేళకే వచ్చే దగ్గు. రాజవైద్యుడు ద్రాక్షపళ్లు పులియబెట్టి చేసే ద్రాక్షారిష్టం ఇచ్చాడు. ఉద్ధరిణెతో కాదు, చెంబుతో.

ఇలా ఉండగా భటులు గంగులు అనే కల్లుగీతవాణ్ణి సభకు ఈడ్చుకొచ్చారు.

"తాటితోపులో కల్లు తాగుతుంటే పట్టుకున్నాం, ప్రభూ!"

గంగులు నేలమీద పడ్డాడు. "కడుపునొప్పి దొరా! మందనుకొని ఒక్క గుక్క పుచ్చుకున్నా. వచ్చే నెల నా బిడ్డ పెళ్లి. నేను గాడిదెక్కితే వియ్యంకుడు మా గడప తొక్కడు."

రాజు పకపకా నవ్వాడు. "ఔషధమా! ఔషధం పుచ్చుకున్నవాడు పథ్యం ఉంటాడు. నిన్న ఏం తిన్నావురా?"

"గోంగూర పచ్చడి దొరా... పచ్చిమిరపకాయ నంజుకొని..."

"విన్నారా! పథ్యం లేనిది ఔషధమెలా అవుతుంది? అది ఉత్త తాగుడు. గాడిదను తీసుకురండి!"

అప్పుడు కొండమయ్య లేచాడు. రాజు ముందు నోరు విప్పే ధైర్యమున్న సభికుడు అతనొక్కడే.

"ఆహా, ఏం ధర్మసూక్ష్మం ప్రభూ! దీన్ని రాతిమీద శాసనంగా చెక్కించాలి."

"చెక్కించు" అన్నాడు రాజు ఉబ్బిపోయి.

"అలాగే. ముందు నాదొక చిన్న సందేహం. వైద్యులవారూ, ప్రభువుల దగ్గుకు ఇస్తున్న ఔషధానికి పథ్యమేమిటి?"

వైద్యుడు ఇరుకున పడ్డాడు. లేదంటే రాజు తాగినట్టే. ఉందంటే, ఆ మధ్యాహ్నమే ప్రభువు గుత్తివంకాయ, ఆవకాయ, గడ్డపెరుగు లాగించిన సంగతి వంటశాలంతా ఎరుగు.

"చెప్పవయ్యా!" అని గద్దించాడు రాజు, తానే చెమటలు కక్కుతూ.

"ఉ... ఉంది ప్రభూ. ఉప్పు, పులుపు, కారం తగలకూడదు. జావ ఒక్కటే. అదీ... నేటినుంచి."

"నేటినుంచా! భేష్" అన్నాడు కొండమయ్య. "అయితే గంగులుకూ పథ్యం నేటినుంచే అనుకుందాం. కాదంటారా, రెండో గాడిదకు కూడా కబురు పంపుతాను."

రాజు గుడ్లురిమాడు. ఆ చూపు ఎంతోసేపు నిలవలేదు, నవ్వు పొంగుకొచ్చింది. "కొండమయ్యా, నా మాటతోనే నన్ను కట్టేశావు కదయ్యా! గంగులును వదలండి." మెడలోని హారం తీసి కొండమయ్య మెడలో వేశాడు.

కొండమయ్య కదల్లేదు. "మరి పథ్యం, ప్రభూ?"

"ఉంటానయ్యా! దీక్ష ముగిసేదాకా ఉంటాను."

ఆ రోజుతో దగ్గు మాయమైంది. పథ్యం మాత్రం మాయం కాలేదు. వనభోజనాలనాడు ఊరంతా ఉసిరిచెట్ల కింద అరిటాకులు పరుచుకొని పులిహోర, గారెలు, పాయసం తిన్నారు. ప్రచండవర్మ మాత్రం వైద్యుణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, వెండిగిన్నెలో ఉప్పులేని రాగిజావ కిక్కురుమనకుండా తాగాడు.