సంకల్పంలో చెప్పని చోటు

పూర్వం కృతయుగంలో ధర్మపరుడూ ప్రజావత్సలుడూ అయిన హిరణ్యరథుడనే రాజు లోకక్షేమం కోరి ఒక మహాసత్రయాగం తలపెట్టి, కవలలైన ఇద్దరు మునులను ఋత్విజులుగా వరించాడు. ముందు పుట్టినవాడు గహనుడు, తపోనిధి, మితభాషి. వెనుక పుట్టినవాడు తుంగకేతుడు, వేదవేదాంగ పారంగతుడు; ఆ సంగతి తాను మరువనివాడు, ఇతరులను మరువనివ్వనివాడు.

తమ్ముడు మేరుశిఖరం మీద, అన్న భూభారం మోసే ఆదిశేషుని చెంత పాతాళంలో కూర్చుని, ఒకే ముహూర్తాన మొదలుపెట్టి, శ్వాసకొక నామం చొప్పున సమానంగా జపించి, తిరిగివచ్చి నాలుగు చేతులతో పూర్ణాహుతి చేయాలని నియమం. సంకల్పం చెప్పినవాడు తుంగకేతుడు. యుగమూ, సంవత్సరమూ, తిథీ, నక్షత్రమూ గుక్క తిప్పుకోకుండా చెప్పి, చోటు చెప్పకుండానే నీళ్లు వదిలాడు.

"చోటు చెప్పలేదేం, తమ్ముడా?" అన్నాడు గహనుడు.

"కాలం అంతటా ఒక్కటే కదన్నా! చోటుతో పనేముంది?" అని నవ్వేశాడు తుంగకేతుడు. అన్న పాతాళానికి దిగిపోయాడు.

శిఖరం మీద జపం ముగించి, నెరిసిన తలతో తుంగకేతుడు యాగశాలకు వచ్చేసరికి అన్న జాడ లేదు. ఋతువులు గడిచాయి. రాజు దిగులుపడి అడుగగా, ఆ మహాపండితుడు సభ మధ్య నిలబడి, "మహారాజా, చెప్పడానికి నోరు రావడం లేదు. పాతాళం చల్లని చోటు. మా అన్న జపం మాని నిద్రపోయి ఉంటాడు. వ్రతభ్రష్టుడి కోసం అగ్నిదేవుణ్ణి నిలబెట్టడం తగదు" అన్నాడు. అనడమే కాక, అన్నకు వేసిన అగ్రాసనం మీద తానే కూర్చున్నాడు. ఆ మాట చెబుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. హవిస్సు వేశారు. అగ్ని దానిని ముట్టలేదు.

అప్పుడు వచ్చాడు గహనుడు, నల్లని జడలతో, వెళ్లిననాటి మేనితో. "ఆలస్యమైందా? ఒక్క శ్వాసైనా వదలలేదే! నీ తల ఇలా ముగ్గుబుట్ట అయిందేమిటి, తమ్ముడా?" అన్నాడు.

"నిద్రపోయి లేచిన ముఖం ఎలా నిగనిగలాడుతోందో చూడండి" అని సభలో ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. గహనుడు అగ్రాసనం వంక ఒకసారి చూసి, తల వంచుకుని, సభ చివర నేల మీద కూర్చున్నాడు.

అంతట అగ్నికుండం నుండి చతుర్ముఖుడు ఆవిర్భవించగా, "పితామహా, దోషి ఎవరో మీరే తేల్చండి" అన్నాడు తుంగకేతుడు.

"తేల్చేవాడు ముందు తానున్న చోటు చెప్పగలగాలి" అని బ్రహ్మ అతణ్ణి గవాక్షాలు లేని విమానంలో కూర్చోబెట్టి, తానూ ఎక్కి తలుపు మూశాడు. ముని పాదాలు గట్టిగా ఆనాయి. జారవిడిచిన జపమాల కాళ్ల దగ్గర పడింది. "ఇంకా యాగశాలలోనే ఉన్నాం, స్వామీ." తలుపు తెరిస్తే చుట్టూ నక్షత్రాలు! విమానం క్షణక్షణానికీ వేగం పెంచుకుంటూ పైకి దూసుకుపోతోంది. మళ్లీ మూశాడు. ఈసారి పాదాలు తేలాయి, మాల గాలిలో నిలిచింది. "ఇది భూమి సోకని శూన్యం. సందేహం లేదు." తలుపు తెరిస్తే కొండలు మీదికి వస్తున్నాయి! విమానం భూమి మీదికి పడిపోతుంటే, పితామహుడు చిటికెనవేలితో ఆపాడు.

మూడోసారి విమానం వేగం పెంచుకుంటూ లేస్తుండగా, శ్వాసకొకసారి మినుకుమనే దీపాన్ని బ్రహ్మ అడుగున ఉంచి, మునిని కప్పు దగ్గర కూర్చోబెట్టాడు. కప్పు ఎప్పటికప్పుడు వేగంగా ముందుకు తప్పుకుపోతుంటే వెలుగు దాన్ని తరిమి అందుకోవలసి వచ్చింది. ముని ఊపిరి తీసి వదిలినా కిందినుంచి తర్వాతి మినుకు ఇంకా రాలేదు.

"దీపం నిద్రపోయిందా, నాయనా?" అన్నాడు బ్రహ్మ. "పైకి లేచే విమానానికీ, భూమి బరువుకూ తేడా చెప్పలేకపోయావు. తేడా లేనప్పుడు ఇక్కడ అడుగున జరిగింది అక్కడ పాతాళంలో జరగదా? బరువు లాగే దిక్కున లోతుకు దిగేకొద్దీ కాలం మెల్లగా నడుస్తుంది. మీ అన్న ఒక్క శ్వాస తప్పలేదు. తప్పింది నీ సంకల్పం."

తుంగకేతుడికి తల ఎత్తాలనిపించలేదు. యాగశాలకు తిరిగివచ్చి, సభంతా చూస్తుండగా చివరిదాకా నడిచి, తన తెల్లని తల అన్న పాదాల మీద పెట్టాడు. "నా కాలి కింద ఏముందో తెలియనివాణ్ణి, నువ్వు నిద్రపోయావని నలుగురిలో చెప్పానన్నా. నీ పీట మీద కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

"లే, తమ్ముడా. అగ్ని ఎదురుచూస్తోంది."

ప్రసన్నుడైన బ్రహ్మ వరం కోరుకోమనగా, "తమ్ముడికి తన యౌవనం తిరిగి ఇప్పించండి" అన్నాడు గహనుడు.

"వద్దు స్వామీ" అన్నాడు తుంగకేతుడు. "ఈ నెరిసిన జుట్టు నేను బతికిన కాలమే. మిగిలిన శ్వాసలు అన్న పక్కన కూర్చుని తీయనివ్వండి, చాలు."

"తథాస్తు. ఎక్కడున్నా ఎవరి శ్వాస వారికి నిండుగానే ఉంటుంది. ఒక్కచోట కూర్చున్న మీ శ్వాసలు ఇకపై కలిసి నడుస్తాయి."

సంకల్పం మళ్లీ చెప్పారు. కాలం చెప్పి, చోటు దగ్గరకు వచ్చేసరికి తమ్ముడు ఆగి అన్న వంక తిరిగితే, అన్న అందుకుని పూర్తిచేశాడు. నాలుగు చేతులతో వేసిన హవిస్సును అగ్ని అందుకున్నాడు. సత్రం సఫలమై లోకం చల్లబడింది. అటుపై గహనుడు అగ్రాసనం మీద, తుంగకేతుడు దాని పక్కన నేల మీద కూర్చునేవారు. కొత్తగా వచ్చినవాళ్లు ముసలిమునికి నమస్కరించి, "తాతగారూ, ఆ పైన ఉన్నవారు మీ కుమారులా?" అని అడిగేవారు. తుంగకేతుడు ప్రతిసారీ తల వంచుకుని, "కాదు నాయనా, మా అన్నగారు" అనేవాడు.