తిరిగి వచ్చిన కత్తి

పరదేశయ్యగారు ఉదయం పూట కత్తిపీట ముందు కూర్చుని ఆశ్రమం వంటకు కూరలు తరిగేవారు. శిష్యులు ఏమి అడగదలచినా అప్పుడే అడగాలి. చేతిలో పని లేనప్పుడు నోరు అవసరానికి మించి మాట్లాడుతుందని ఆయన అభిప్రాయం. వచ్చిన ప్రశ్న పనికిమాలినదైతే తరుగుడు ఆగేది కాదు.

ఒక ఆదివారం త్రినాథరావు అడిగిన ప్రశ్నకు ఆ చెయ్యి ఆగింది.

త్రినాథరావు కరెంటు ఆఫీసులో గుమాస్తా. పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని సెలవు రోజుల్లో కత్తులు చేసేవాడు. అతని ఇంట్లో అంతకు ముందు ఎవరూ సమ్మెట పట్టి ఎరగరు. పుస్తకాలు చదివి, చేతులు కాల్చుకుని, తానే నేర్చుకున్నాడు. పాత లారీ కమాను పట్టీ తెచ్చి, కొలిమిలో కాల్చి, సాగగొట్టి, చివరకు కత్తిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసేవాడు. వెంట్రుకంత వంకర కనబడినా, చూసేవారెవరూ లేకపోయినా, దాన్ని మళ్ళీ నిప్పుల్లోకి తోసేవాడు. పేకాటకు పోగొట్టుకోదగిన ఆదివారాలను నిప్పు ముందు నిలబడి గడిపిన మనిషిని మెచ్చుకోక తప్పదు.

"గురువుగారూ, ఈ నెలాఖరుకు ఉద్యోగం మానేసి కత్తులు చేసుకుంటూ బతుకుదామనుకుంటున్నాను. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. 'మీది సరదా, కమ్మరి బంగారాచారిది పని. ఆ తేడా తెలియకుండా పిల్లల నోటి దగ్గర కూడు తీసి కొలిమిలో వెయ్యకండి' అంటోంది. ఆ తేడా ఏమిటో మీరు చెప్పండి. మీ మాట ప్రకారం చేస్తాను."

"నువ్వేమంటావు?"

"బంగారాచారి కొలిమి ముందు చూడండి, తెల్లారేసరికి వచ్చినవాళ్ళు విడిచిన చెప్పుల గుట్ట. మొండిపోయిందని ఒకడు, పిడి ఊడిందని ఒకడు. ఆయన చేసిన కత్తులన్నీ తిరిగి ఆయన దగ్గరికే వస్తాయి. నేనూ ఎంతోమందికి చేసి ఇచ్చాను. నాది ఒక్కటీ తిరిగి రాలేదు. అంతకన్నా ఏం కావాలండీ?"

"ఒక్కటీ రాలేదా?"

"ఒక్కటీ రాలేదండి."

"పాపం," అన్నారు పరదేశయ్యగారు. "అయితే నువ్వే వెళ్ళి వాటిని ఒకసారి పలకరించి రా."

ఆ తర్వాత ఆయన వంకాయలు అందుకున్నారు.

త్రినాథరావుకు ఆ 'పాపం' ఎవరిని గురించో తెలియలేదు. అయినా గురువు మాట గనుక ఆ సాయంత్రమే బయలుదేరాడు. మొదట తన ఆఫీసరుగారింటికి వెళ్ళాడు. కత్తి అద్దాల బీరువాలో, పాలరాతి తాజ్‌మహలు బొమ్మ పక్కన, ఎర్ర మఖమలు గుడ్డ మీద ఉంది. "మీ కత్తిని మేము వాడతామా అండీ!" అంది ఆఫీసరుగారి భార్య. "మొన్న నిమ్మకాయ కొయ్యబోతే మావారు ఇల్లెగిరిపోయేలా కేకలేశారు." అక్కణ్ణుంచి లాయరుగారింటికి వెళితే ఆయన "ఏ కత్తి?" అన్నారు.

బావమరిది ఇంట్లో కత్తి దేవుడి గూట్లో ఉంది. దసరాకు పెట్టిన కుంకుమ బొట్టు తుడవలేదు. బొట్టు కింద ఇనుము తుప్పు పట్టి గుంట పడింది.

"వాడటం లేదేం రా?"

"ఉల్లిపాయలకి సంతలో కొన్నది ఉంది కదా బావా. నీ కత్తికి దణ్ణం పెడుతున్నాం. ఇంకా ఏం చెయ్యమంటావు, పీటల మీద కూర్చోబెట్టి పెళ్ళి చెయ్యమంటావా?"

ఇంటిల్లిపాదీ నవ్వారు. త్రినాథరావు కూడా నవ్వాడు గాని, దారి పొడుగునా ఆ గుంటే కళ్ళ ముందు మెదిలింది.

మరుసటి ఆదివారం అతను కత్తిపీటకు ఎదురుగా కూర్చుని, తరిగిన ముక్కలు గిన్నెలోకి ఎత్తాడు. చూసి వచ్చినదాని గురించి పరదేశయ్యగారు అడగలేదు. లేచేటప్పుడు మాత్రం, "ఆరాధన దగ్గర పడింది. నరసమ్మకు పనసపొట్టు కొట్టే కత్తి అరిగిపోయింది, ఒకటి చేసిపెట్టు," అన్నారు. నరసమ్మ ఆశ్రమంలో వంట చేసే మనిషి.

త్రినాథరావు తన పనితనమంతా ఆ కత్తిలో పెట్టాడు. కాగితం ముక్కను గాలిలో వదిలితే రెండుగా తెగేటంత పలచగా అంచు తీశాడు. ఇరుగుడుచెక్కతో పిడి చేసి, అద్దంలా మెరిసేదాకా నున్నగా రుద్ది, దాని మీద తన పేరు చెక్కాడు. తీసుకువెళ్ళి అందించబోతే నరసమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. "సేతికియ్యకు బాబూ, కింద ఎట్టు. సేతికిస్తే తగువులొత్తాయి." అతను నవ్వి కింద పెట్టాడు. ఆమె కళ్ళకద్దుకుని తీసుకుంది.

ఆరాధన అయిపోయిన తర్వాత వచ్చిన ఆదివారం, త్రినాథరావు షెడ్డులో స్నేహితులు చేరి కొత్త కత్తి ఒకటి చూస్తున్నారు. బూట్లతోనే లోపల తిరుగుతూ, కాగితాలు కోసి చూసి, ఆహా అంటున్నారు. అంతలో గుమ్మం అవతల ఎవరో ఆగి, చెప్పులు విడిచి, కొలిమి వైపు ఒక దణ్ణం పెట్టి లోపలికి వచ్చారు. నరసమ్మ. ఆమె అరచేతికి పసుపు గుడ్డ కట్టి ఉంది.

చంకలోని గుడ్డ మూట విప్పి కత్తి నేల మీద పెట్టింది.

"ఏటి బాబూ, ఇదేటి కత్తి? పనసకాయ కొట్టాలంటే సేతికి నూనె రాసుకోవాలి కదా, లేపోతే జిగురంటుకుపోద్ది. నూనె సేత్తో పట్టుకుంటే నీ పిడి సేపలాగ జారిపోనాది. తెగింది పనసకాయా, నా సెయ్యా? ఈ అంచు సూడు, పళ్ళూడిన ముసిల్దాని నోరు! సూసి మురిసిపోడానికి సేసినావా, కూర వండుకోడానికి సేసినావా?"

స్నేహితుల్లో ఒకడు నవ్వాపుకుంటూ, "ఏమమ్మా, అంత కత్తి ఊరికే ఇస్తే పైగా తిట్లా?" అన్నాడు.

"ఊరికే ఇచ్చినా నూరికే ఇచ్చినా తెగిన సెయ్యి నాదే కదా నాయినా!"

త్రినాథరావు ముఖం ఎర్రబడింది. ఒక్క క్షణం జవాబు చెప్పాలనే అనిపించింది. కాని అతని చూపు ఆ పసుపు గుడ్డ మీద నిలిచింది. సంజాయిషీలు చెప్పుకోలేదు. "కూర్చో నరసమ్మా," అని పీట వేశాడు. స్నేహితులను పంపేశాడు. ఆకురాయి తీసుకుని, గంటల తరబడి నున్నబరిచిన పిడిని తానే గరుకు చేశాడు. వేళ్ళు ఆనే చోట గాట్లు పెట్టాడు. చెక్కిన పేరు పొట్టుతో పాటు రాలిపోయింది. ఊడ్చేశాడు. తర్వాత పిడి ఊడదీసి, కత్తిని నిప్పుల్లో పెట్టి, అంచు మందంగా తీసి, మళ్ళీ పదును పెట్టి పిడి బిగించాడు. ఆమె చేతికి నూనె రాయించి, పట్టుకోమని, జారడం లేదని ఆమె అనేదాకా గాట్లు సరిచేస్తూనే ఉన్నాడు. పొగడ్తకు అలవాటుపడిన చెయ్యి తిట్టుకు ఇలా వంగడం చిన్న విషయం కాదు.

"ఇప్పుడు పర్లేదు," అంది నరసమ్మ. "మళ్ళీ మొండిపోతే మళ్ళీ తెత్తాను సుమీ!"

"తే," అన్నాడు త్రినాథరావు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు పోతూ ఆశ్రమంలో ఆగాడు.

"గురువుగారూ, ఒకటి తిరిగి వచ్చిందండి."

"నరసమ్మ తిట్టిందా?"

"బాగా తిట్టిందండి."

"లోపలికి ఎలా వచ్చింది?"

త్రినాథరావు కొంచెం ఆలోచించాడు. "చెప్పులు బయట విడిచి వచ్చిందండి," అన్నాడు. "నా షెడ్డు ముందు ఇంతకు ముందు ఎవరూ విడవలేదండి." మళ్ళీ అడిగాడు. "మరి ఉద్యోగం సంగతి ఏం చెయ్యమంటారు?"

పరదేశయ్యగారు దోసకాయ అంచు కోసి, చేదేమో చూసి, తక్కినది తరగడం మొదలుపెట్టారు.

"ముందు షెడ్డులో ఇనప ముక్కలు లేకుండా ఊడ్చి పెట్టుకో నాయనా," అన్నారు. "ఇక వట్టికాళ్ళతో వచ్చేవాళ్ళుంటారు."