రెండో తీగ

టెస్టరు వెలిగితే కరెంటు ఉన్నట్టు. కరెంటు గురించి ఇంతకు మించి తెలుసుకోవాల్సింది ఏముందిలే అనుకునే రోజులవి. ఐటీఐ చదివి, మదనపల్లెలో దస్తగిరి ఉస్తాద్ దగ్గర పనికి చేరి మూడేళ్లయింది. టెస్టరు చొక్కాజేబులో అందరికీ కనపడేలా పెట్టుకుని తిరిగేవాణ్ణి. స్నానానికి పోయేటప్పుడు తప్ప తీస్తే ఒట్టు!

అట్లాంటి నాకు రెడ్డెమ్మక్క ఇంట్లో చెమటలు పట్టాయి.

రెడ్డెమ్మక్క పట్టుపురుగులు సాకుతుంది. గుడ్డు పగిలి రెండు రోజులైన పిల్లలు, వెంట్రుక ముక్కలంత ఉంటాయి. గదిలో ఇరవై ఏడు డిగ్రీలుండాలి. చల్లబడితే ఆకు ముట్టవు. రెండు పూటలు ముట్టకపోతే ఇక అంతే, తట్టలకు తట్టలు పారబోసుకోవడమే.

పాత పెంకుటిల్లు అది. ముందైతే బొగ్గుల కుంపట్లు పెట్టుకుని పక్కనే కూచునేది. "ఇంకా ఈ పొగేందక్కా" అని నేనే కరెంటు హీటరు, దానికో స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టించాను. గోడకు పాత స్విచ్చు ఉన్న చోట బిగించే చిన్న పెట్టె. గది చల్లబడితే హీటరు తనే వేస్తుంది, వేడెక్కితే తనే ఆపుతుంది. కుంపట్లు కూడా ఎవరికో ఇప్పించేశాను, అంత ధీమా నాకు.

ఆ పొద్దు ముసురు పట్టింది, హీటరుతో పని మొదటిసారి పడింది. పెట్టె వెలిగేది, టక్కుమనేది, ఆరిపోయేది. మళ్ళీ వెలిగేది. పెట్టె మార్చాను. ఫోన్లో యాప్ తీసేసి మళ్ళీ వేశాను. కొత్త పెట్టె కూడా అదే పాట! గోడ మీది థర్మామీటరు ఇరవై నాలుగుకు దిగింది.

"నాయనా, హీటరు పట్టుకుందంటే ఆ పెట్టె చస్తాది. హీటరు ఆగిందంటే మళ్ళా బతుకుతాది. పొద్దున్నుంచీ చూస్తుండా," అంది రెడ్డెమ్మక్క.

"నువ్వు కాసేపు ఊరికే ఉండు తల్లీ! టెస్టరు వెలుగుతుండాది. కరెంటు బ్రహ్మాండంగా ఉండాది."

"పోనీ పాత స్విచ్చే పెట్టేయ్. నేనే కూచుని వేసుకుంటా, ఆపుకుంటా."

నేనొప్పుకుంటేనా! పరువు పోదూ?

ఇరవై మూడు. ఆమె ఒక తట్ట ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పింది. "అయ్యో సామీ, ఆకు పక్కనే ఉన్నా కదలకుండా పడుండాయే," అని కళ్ళనీళ్లు పెట్టుకుంది. ఉస్తాద్‌కు ఫోన్ చేశాను.

వానలో మోపెడ్ మీద తడుస్తూ వచ్చాడాయన. పెట్టె వైపైనా చూడలేదు. "ఏం జరుగుతుందమ్మా?" అని రెడ్డెమ్మక్కను అడిగాడు. ఆమె నాతో చెప్పిన మాటే చెప్పింది. ఆయన చివరిదాకా విని తలూపాడు.

"టెస్టరు వెలుగుతోంది ఉస్తాద్!" అన్నాను, నన్ను ఎవరూ అడక్కముందే.

చెయ్యి చాచాడు. టెస్టరు ఇచ్చాను. తన జేబులో వేసుకుని, సంచిలోంచి ఒక మామూలు బల్బు తీసి నా చేతిలో పెట్టాడు. దాని హోల్డరుకు రెండు వైర్లు వేలాడుతున్నాయి.

"హీటరు దగ్గర లైను ఊడదీసి, పెట్టె విప్పి, ఆ బోర్డులో దీన్ని వెలిగించు."

ఇదో పరీక్షా అనుకున్నాను. ఒక వైరు కరెంటు ఉన్న తీగకు ఆనించాను. రెండోది పక్క తీగకు. వెలగలేదు. అది హీటరుకు పోయే తీగ, దాన్ని ఆ చివర ఇప్పుడే ఊడదీశాను కదా. ఇంకో తీగ కోసం బోర్డంతా వెతికాను. లేదు! ఉన్నవే రెండు. ఎక్కడా పెట్టే చోటు లేని వైరు చేత్తో పట్టుకుని వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాను.

నా చూపు గోడ మీది చెక్కపట్టీ వెంట పైకి పోయింది. ఆ ఇంట్లో వైర్లన్నీ కంటికి కనపడతాయి. కరెంటు తెచ్చే తీగ బోర్డుకు దిగింది. తిరిగి పోవాల్సిన తీగ బోర్డుకు రానే లేదు. హీటరు దగ్గర్నుంచి పైపైనే మీటరుకు వెళ్ళిపోయింది. పాత స్విచ్చుకు దానితో పనే లేదు. ఈ పెట్టెకు ఉంది! పాపం, తను బతకడానికి హీటరు గుండా కాస్త కరెంటు దొంగతనంగా తాగుతోంది. హీటరు వేసిన మరుక్షణం కరెంటంతా హీటరుకే పోయి, ఆ చుక్కా దొరక్క చస్తోంది.

"న్యూట్రల్! న్యూట్రల్ రాలేదు ఉస్తాద్!" గావుకేక పెట్టాను.

"అరవకు, పురుగులు దడుచుకుంటాయి," అన్నాడాయన.

మెయిన్ ఆపి, నిచ్చెనెక్కి, పైనుంచి బోర్డుకు కొత్త వైరు దించి, పెట్టె బిగించి, హీటరు లైను మళ్ళీ కలిపాను. పావుగంట కూడా పట్టలేదు. మెయిన్ వేశాను. పెట్టె వెలిగింది. టక్కుమంది. హీటరు ఎర్రబడింది. ఊపిరి బిగబట్టి చూశాను. పెట్టె వెలుగుతూనే ఉంది!

ఇరవై నాలుగు. ఇరవై అయిదు. ఇరవై ఏడు దాటగానే పెట్టె తనే హీటరు ఆపేసింది, తను మాత్రం ఆరలేదు. రెడ్డెమ్మక్క లేతాకు సన్నగా తరిగి చల్లింది. ముగ్గురం తట్ట మీదికి వంగాం. ఒకటి తలెత్తింది. తర్వాత నాలుగు. తర్వాత తట్టంతా కదిలింది.

"తింటుండాయి! తింటుండాయి సామీ!" ఆమె నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. నేను ఎగిరి గంతేశాను.

ఉస్తాద్ జేబులోంచి టెస్టరు తీసి ఇచ్చాడు.

"ఇదైతే అబద్ధం చెప్పలేదు కదా ఉస్తాద్," అన్నాను, పొగరు ఇంకా పూర్తిగా చావక.

"లేదు బేటా. ఒక తీగ సంగతి ఇది చెప్పింది. రెండో తీగ సంగతి రెడ్డెమ్మ పొద్దున్నుంచీ చెప్తానే ఉండె."

టెస్టరు సంచి అడుక్కు వేశాను. రెడ్డెమ్మక్క పక్కన తట్టల దగ్గర కూలబడ్డాను.

"అక్కా, ఇంకేమేం చూసినావు? చెప్పు."