కొండ మీద పెసరట్టు

చిన్న కథ. పెనం మీద అట్టు ఒక వైపు కాలేలోగా చెప్పెయ్యొచ్చు.

కుందేటికొండ మీద నిరంజనయ్య గారి ఆశ్రమంలో ఫణిభూషణం అనే శిష్యుడు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద అలిగాడు. అదీ కథ. కంపెనీకి ఆ సంగతి తెలియదు.

అయితే కొండ గురించి నాలుగు మాటలు చెప్పకపోతే ఆ అలకేమిటో అర్థం కాదు. కొండకు రోడ్డు వేయించింది కొండకిందపాలెం సర్పంచి గంగునాయుడు. భక్తితోనే వేయించాడు. ఆ భక్తి ఆయన జీడితోట గేటు దాకా వచ్చి ఆగిపోయింది. అక్కణ్ణుంచి పైకి మెట్లే. ఆ మెట్లెక్కి పరదేశమ్మ ప్రతి సోమవారం వెళ్ళి, తనకి ఈ లోకం మీద విరక్తి పుట్టిందని అయ్యకి చెప్పుకుంటుంది. టీవీలో సీరియల్ మొదలయ్యేలోపు దిగి వచ్చేస్తుంది. నిరంజనయ్య గారిని అందరూ అయ్య అనే అంటారు. ఆయన ప్రతి సోమవారం శ్రద్ధగా వింటారు.

ఆశ్రమంలో రెండు నియమాలు. ఒకటి, అక్కడ ఏదీ అమ్మకూడదు. రెండు, ఎవరేం వండినా అందులో ఏం పడిందో, ఎలా వండారో పంక్తిలో అందరికీ వినపడేలా చెప్పాలి. విన్నవాళ్ళు తమకి నచ్చినట్టు మార్చి వండుకోవచ్చు. మంచి నియమమే. దాని పుణ్యాన ఇరవై మంది కూడా లేని ఆశ్రమంలో మూడు వంటిళ్ళు వెలిశాయి. గంజి వార్చేవాళ్ళది ఒకటి, అత్తెసరు పెట్టేవాళ్ళది ఒకటి. ఆ రెండూ తప్పేనని అసలు బియ్యమే ముట్టనివాళ్ళది మూడోది. ఒక వంటింటివాళ్ళు ఇంకో వంటింటి మీద చెడ్డమాట అనరు. జాలిగా చూస్తారంతే.

ఫణిభూషణం హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం మానేసి వచ్చి ఆ రెండో నియమం చూసి మురిసిపోయి అక్కడే ఉండిపోయాడు. అతను తెచ్చుకున్న కంప్యూటర్‌దీ అదే నియమం. దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ ఊరికే ఇస్తారు. లోపల ఏముందో అందరికీ విప్పి చూపిస్తారు. నచ్చనివాడు మార్చుకోవచ్చు. నచ్చనివాళ్ళకి లోకంలో కొదవలేదు కాబట్టి అందులో రకాలూ బోలెడు.

అయ్య ఏనాడూ ఎవర్నీ ఏమీ అడిగినవారు కాదు. ఆ ఏడు మాత్రం ఒకటి అడిగారు. తన గురువు పాడిన తత్వాలు ఇన్నాళ్ళూ నోటి మీదే నిలిచాయి, పాడేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, ఈ ఏటి గురువు ఆరాధన నాటికి అవి పుస్తకంగా రావాలి అన్నారు. ఫణిభూషణం పని నెత్తినేసుకున్నాడు. తత్వాలన్నీ టైపు చేశాడు. ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్‌తోనే పేజీలు దిద్ది, అట్ట మీద కొండబొమ్మ వేసి, టౌన్లో ప్రెస్సుకి తీసుకెళ్ళాడు. ప్రెస్సువాళ్ళ కంప్యూటర్లో తెరిస్తే వత్తులన్నీ తమ అక్షరాలని వదిలేసి పక్క అక్షరాల కిందకి చేరాయి. పరమాత్మ అన్నమాటని చదవడానికి పరమాత్మే దిగి రావాలన్నట్టుంది.

"ఇలా కుదరదండీ. మేం వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనే చేసివ్వండి," అన్నాడు ప్రెస్సు యజమాని మౌలాలి. "కావాలంటే మా సిస్టమ్ మీదే కూర్చుని చేసుకోండి. పొద్దున పూట ఖాళీయే."

ఆ సాఫ్ట్‌వేర్‌ని డబ్బు పెట్టి కొనుక్కోవాలి. కొందామన్నా ఫణిభూషణం సిస్టమ్ మీద నడిచేలా ఆ కంపెనీ దాన్ని తయారుచెయ్యదు. మౌలాలి దగ్గరున్న రకానికైతే చేస్తుంది. ఫణిభూషణానికి మొహం ఎర్రబడింది. ఆ కంపెనీ తన సిస్టమ్‌కి దిగివచ్చేదాకా ఇంకో సిస్టమ్‌ని వేలితో కూడా ముట్టనని ప్రెస్సులో నిలబడే ఒట్టు పెట్టుకున్నాడు. మౌలాలి టీ తెప్పించాడు. ఆరాధన చూస్తే దగ్గరపడుతోంది.

కొండెక్కి వచ్చేసరికి అయ్య అరుగు మీద కూర్చుని కందికాయలు వలుస్తున్నారు.

"అయ్యా, వాళ్ళకి కళ్ళు లేవా?" అన్నాడు ఫణిభూషణం. "మనదేమన్నా దొంగసరుకా? మన సిస్టమ్‌కి అది ఎందుకు చెయ్యరు?"

"వాళ్ళనే అడక్కపోయావా?"

"ఫోన్ చేశాను. 'మీది ఏ రకం సార్' అందొక అమ్మాయి. చెప్పాను. 'ఆ రకం ఎంతమంది వాడతారు సార్' అంది. పెట్టేశాను."

అయ్య ఒక కాయ వలిచారు. అందులో పురుగుంది. పక్కన పెట్టారు.

"నాకు పోలినాయుడి పెసరట్టు తినాలనుంది," అన్నారు.

"పుస్తకం సంగతి అయ్యా..."

"అతన్నే పెనంతో సహా పైకి రమ్మను. రేపు ఒక్కపూట ఇక్కడ కొట్టు పెట్టుకోమను. అమ్ముకోనీ. ఆ పూటకి మొదటి నియమం నేను చూసుకుంటాను."

పోలినాయుడి హోటలు కొండ కింద బస్సులు ఆగే చోట ఉంటుంది. హోటలంటే ఒక పాక, రెండు బల్లలు. కానీ అతని పెసరట్టు కోసం బస్సు డ్రైవర్లు ఇంజను ఆపకుండా దిగుతారు. అట్టు కంటే చట్నీకి పేరెక్కువ. అందులో ఏం కలుపుతాడో ఎవరికీ తెలియదు. భార్య సింహాలుని కూడా బయటికి పంపి, తలుపు వేసుకుని రుబ్బుతాడు. లైన్‌మేన్ త్రినాథ ఒకసారి కరెంటు స్తంభమెక్కి కిటికీలోంచి చూడబోయాడు. స్తంభం మీద నుంచి అతన్ని దింపడానికి మళ్ళీ కరెంటాఫీసువాళ్ళే రావలసి వచ్చింది.

"కొండమీదకా?" అన్నాడు పోలినాయుడు. "అక్కడ తినీవోళ్ళు ఎంతమందుంటారు బాబూ?"

ఫణిభూషణం ఒక్క క్షణం తడబడ్డాడు. "ఎంతమందైతేనేం? అయ్య పిలిచారు."

"అయ్య పిలిస్తే వత్తాను. అడిగానంతే. అక్కడ మద్దినేళ ఊరికే బోయినం పెడతారు కదేటి?"

"పెడతారు."

"ఊరికే తినీవోళ్ళకి నేను అమ్మాల."

"నీ అట్టు రుచి వేరు కదా."

"అది నిజిమే," అని ఒప్పుకున్నాడు పోలినాయుడు. పొగిడితే ఒప్పుకోవడంలో అతను ఎన్నడూ ఆలస్యం చెయ్యడు.

మర్నాడు పొద్దున్నే పెనం, పిండి గిన్నె, గ్యాస్ పొయ్యి మోసుకుని మెట్లెక్కాడు. ఫణిభూషణం సిలిండరు మోశాడు. అరుగు పక్కన పొయ్యి వెలిగింది. పెసరట్టు వాసనకి మూడు వంటిళ్ళ తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. ఆశ్రమం పుట్టాక వాళ్ళు ఒకే మాట మీద నిలబడటం అదే మొదలు.

ముందు బంగారమ్మ వచ్చింది. ఆవిడ ఉప్పు మానేసి చాలాకాలమైంది.

"నాయనా, నాకు ఉప్పు లేని పిండితో వెయ్యి."

"పిండిలో ఉప్పు కలిపీసేనమ్మా."

"అయితే నాకు వేరే రుబ్బు. ఎంతసేపు పడుతుంది?"

ఆవిడ వెనక డ్రిల్లు మాస్టారు సత్యనారాయణ. రిటైరైనా నడుం వంచరు. "నేను ఇనుము తాకిన వస్తువు తినను. రాతి పెనం ఉందా?"

"రాతి పెనమెక్కడ దొరుకుతాది మాస్టారూ?"

"వెతకాలి," అన్నారు మాస్టారు.

గవర్రాజుకి గ్యాస్ మంట పనికిరాదు, కట్టెలపొయ్యి కావాలి. అత్తెసరు వంటింటి చిట్టెమ్మకి అల్లం పడదు. బియ్యం ముట్టని బ్యాచ్ మొత్తం వచ్చి, పిండిలో గుప్పెడు బియ్యం కలిపాడా లేదా చెప్పమని చుట్టూ నిలబడింది. కలిపాడు. వాళ్ళు పోలినాయుడి వైపు జాలిగా చూశారు.

చివరికి అందరూ కలిసి అడిగింది చట్నీ గురించి.

"ఇందులో ఏం పడిందో చెప్పు నాయనా."

"కొబ్బరి, పచ్చిమిరగాయలు," అన్నాడు పోలినాయుడు.

"ఇంకా?"

"ఇంకేటీ లేదు."

"ఇంకేదో ఉంది. చెప్తే మేమే చేసుకుంటాం కదా. రోజూ నువ్వు మెట్లెక్కక్కర్లేదు."

పోలినాయుడు గరిటె కింద పెట్టాడు.

"మీరు చేసీసుకుంటే మరి నేనేటి తినాల?" అన్నాడు.

ఎవరూ కోపంగా అనలేదు, ఎవరూ తప్పు మాట్లాడలేదు. ఉప్పు లేకుండా ఒకటి వేసి ఇచ్చినా బాగుండునని ఫణిభూషణం అతని చెవిలో అన్నాడు. పోలినాయుడు తల తిప్పకుండానే జవాబు చెప్పాడు.

"ఒక్కటికి వేరే పిండి రుబ్బాల. అది బాగోకపోతే ఆయమ్మ ఉప్పు నేదని అనదు బాబూ. పోలినాయుడి అట్టు బాగోనేదంటాది."

ఫణిభూషణం బంగారమ్మ దగ్గరికి వెళ్ళి, ఈ ఒక్కపూటకి సర్దుకోమన్నాడు. ఆవిడ సర్దుకోనంది. మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. మాస్టారు నియమం గురించి చెప్పారు. చాలాసేపు చెప్పారు. గవర్రాజు దగ్గరికి వెళ్ళేసరికి ఫణిభూషణం గొంతు లేచింది.

"ఒక్కొక్కరికి ఒక్కో పొయ్యి, ఒక్కో పెనం! ఇంతకీ మీరు తినేది ఎంతమంది?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక అతను అక్కడే ఆగిపోయాడు. ఇంకెవరి దగ్గరికీ వెళ్ళలేదు. అరుగు చివర కూర్చుని సిలిండరు వైపు చూస్తూ ఉండిపోయాడు.

పోలినాయుడు అయ్యకి దణ్ణం పెట్టి, పెనం చల్లారాక సామాను దించుకుని వెళ్ళాడు. ఆ పూట ఒక్క అట్టు కూడా అమ్ముడుపోలేదు. అయ్య కూడా తినలేదు. బంగారమ్మ పోలినాయుడిది గర్వమంది. మాస్టారు అజ్ఞానమన్నారు. మధ్యాహ్నం గంట కొడితే ఎవరి వంటింట్లో వాళ్ళు తృప్తిగా తిన్నారు.

మర్నాడు తెల్లవారగానే అయ్య చేతికర్ర తీసుకున్నారు. ఏళ్ళ తరబడి ఆయన కొండ దిగింది లేదు. మోకాళ్ళు సహకరించవు. మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగుతుంటే, ఫణిభూషణం చెయ్యి పట్టుకోబోయాడు. అయ్య పట్టుకోనివ్వలేదు. కాబట్టి వెనకే దిగాడు.

అయ్య హోటల్లోకి వెళ్ళి బల్ల మీద కూర్చున్నారు. పాలు పోయించుకోవడానికి వచ్చిన పరదేశమ్మ నోరు తెరిచి, మూయడం మర్చిపోయింది.

"ఒక పెసరట్టు, పోలినాయుడూ."

పోలినాయుడు గరిటె అందుకున్నాడు. "అల్లం ఎయ్యమంటారా అయ్యా? ఉల్లిపాయ?"

"నువ్వు ఎలా వేస్తావో అలాగే వెయ్యి."

అట్టు వచ్చింది. చట్నీ వచ్చింది. అయ్య దేన్నీ పరీక్షగా చూడలేదు. తుంచుకుని, ముంచుకుని, తీరిగ్గా తిన్నారు. ఫణిభూషణం పక్కన నిలబడే ఉన్నాడు.

"అయ్యా," అన్నాడు మెల్లగా. "చట్నీలో ఏముందో అడగలేదు."

"చెప్పడు కదా."

"మరి మన నియమం?"

"అది పైన." అయ్య చివరి ముక్కతో ఆకు తుడిచారు. "కొండ మనది. అట్టు అతనిది."

"అయితే అయ్యా, నేను..."

"అట్టు కోసం కొండని తవ్వుకోకు. కొండ కోసం ఆకలితోనూ ఉండకు," అని అయ్య చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

అప్పుడే టౌను బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు ఇంజను ఆపకుండా దిగి రెండట్లు కట్టమన్నాడు. ఫణిభూషణం బస్సు వైపు చూశాడు. తత్వాలున్న పెన్‌డ్రైవు మెళ్ళో తాడుకి ఉంది. ఎక్కి కూర్చున్నాడు.

మౌలాలి సిస్టమ్ మీద కూర్చుని, ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే వత్తుల్ని ఒక్కొక్కటిగా వాటి అక్షరాల కిందకి చేర్చాడు. రోజూ పొద్దున బస్సులో వెళ్ళేవాడు. సాయంత్రం కొండెక్కి తన పాత కంప్యూటరు ముందే కూర్చునేవాడు. దాన్ని మార్చలేదు. కంపెనీకి మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఒట్టు సంగతి మౌలాలి అడగలేదు. టీ మాత్రం తెప్పించాడు.

ఆరాధన రోజు పొద్దున పుస్తకాల కట్టలతో ఫణిభూషణం బస్సు దిగాడు. కట్టలు పైకి మోయడానికి మూడు వంటిళ్ళవాళ్ళూ కిందికి వచ్చారు. అయ్య కూడా దిగి వచ్చి అదే బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఫణిభూషణం కట్ట విప్పి మొదటి పుస్తకం ఆయన చేతికిచ్చాడు. ఆయన మొదటి తత్వం పాడారు. బంగారమ్మ అందుకుంది. ఆ తర్వాత మాస్టారు. ఇక ఎవరూ కొండెక్కే మాట ఎత్తలేదు. ఆ ఏటి ఆరాధన పోలినాయుడి హోటల్లో జరిగింది.

ఆ రోజు పోలినాయుడు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ మధ్యాహ్నం దాకా అట్లు వేస్తూనే ఉన్నాడు. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. ఎందుకని అడిగితే, చట్నీ సంగతిలాగే అదీ చెప్పలేదు.