చేపలకు కొసరి వడ్డించిన నాంచారమ్మ

అనగనగా అన్నానంటే మీరు ఊఁ కొట్టాలి మరి! చేపలు మనుషులతో మాట్లాడే కాలంలో, కాలువలు గలగల పారే ఒకానొక రాజ్యంలో నాంచారమ్మ అనే ఇల్లాలు ఉండేది. కొసరి కొసరి వడ్డించడంలో ఆమెను మించినవారు లేరు. విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసే రకం. ఆ ఇంట భోంచేసినవాళ్లు లేవలేక లేవలేక లేచేవారు.

ఆమె పేరు మేఘవర్మ మహారాజు చెవిన పడింది. వెంటనే పిలిపించాడు.

"నాంచారమ్మా, మా చేపల చెరువు నీకు అప్పగిస్తున్నాం. యువరాణి పెళ్లినాటికి చేపలు బాగా ఎదిగితే మా వంటశాల పెత్తనమంతా నీదే. చెరువు పాడైందో, ఈ జన్మలో నువ్వు మళ్లీ గరిటె పట్టకూడదు."

"తిండి పెట్టడం కూడా ఒక పనేనా మహారాజా!" అని నవ్వేసింది నాంచారమ్మ.

పొద్దున తవుడు పెట్టింది. చేపలు ఎగబడి తిన్నాయి. మధ్యాహ్నం మళ్లీ పెట్టింది. ఏవో నాలుగు వచ్చి, మూతితో తాకి వెళ్లిపోయాయి. సాయంత్రం మళ్లీ పెట్టింది. ఒక్కటీ పైకి రాలేదు.

"అయ్యో, కొత్త మనిషిని కదా, మొహమాటపడుతున్నాయి" అనుకుంది.

మర్నాడు వేరుశెనగ చెక్క కలిపింది. ఆ మర్నాడు బెల్లం కూడా కలిపి గంపలకు గంపలు కుమ్మరించింది. చేపలు తిన్నది గోరంత, అడుగున పేరుకున్నది కొండంత. నీళ్లు నల్లబడి కంపు కొట్టాయి.

ఒకనాడు తెల్లవారుతుండగా గట్టు మీదికి వచ్చి చూస్తే, చెరువు నిండా చేపలే! తలలు పైకెత్తి, నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి.

"వదిలిందమ్మా మొహమాటం! తినండి నాయనా, తినండి!" అంటూ సంబరంగా మరో రెండు గంపలు కుమ్మరించింది.

పొద్దెక్కేసరికి కొన్ని చేపలు వెల్లకిలా తేలాయి. నాంచారమ్మ చేతిలోని గంప పక్కన పడేసింది. గరిటె పోతుందన్న భయం తర్వాత సంగతి. తన చేతి తిండి వల్ల ప్రాణాలు పోయాయే అని గట్టున కూలబడి భోరున ఏడ్చింది.

అప్పుడొక ముసలి బొచ్చెచేప ఆయాసపడుతూ ఒడ్డుకు వచ్చింది.

"అమ్మా, మేం నోళ్లు తెరిచింది మేతకు కాదు, గాలికి. కుళ్లిన మేత నీళ్లలోని ఊపిరంతా లాగేసింది. మీ చుట్టాలకైతే అడ్డం పెట్టడానికి చేతులున్నాయి. మాకేవీ? చాలనిపిస్తే మేం వెనక్కి తిరిగి వెళ్లిపోతాం. అది నువ్వు చూడలేదు."

"చేతులు అడ్డం పెట్టినవాళ్ల మాట మాత్రం విన్నానా తల్లీ! ఇప్పుడేం చెయ్యమంటావు?"

"మేత ఆపు. కొత్తనీరు వదులు. ఆకలేసినప్పుడు మేమే వస్తాం."

నాంచారమ్మ తూము ఎత్తి కాలువ నీరు వదిలింది. వడ్డించడానికి చేతులు దురద పెడుతున్నా మేత ముట్టలేదు. గట్టున కూర్చుని చూసింది. నీళ్లు చల్లగా ఉన్నంతసేపు చేపలు మెదలవు. ఎండ తగిలి నీరు వెచ్చబడగానే మేత వెతుక్కుంటూ తిరుగుతాయి. ముసురు పట్టిన రోజున అసలు పైకే రావు.

"ఓసి నా పిచ్చి! వీటి కడుపులోనే గంట మోగుతుంటే, నేనెవర్ని వేళ పెట్టడానికి?" అనుకుంది.

గోనెసంచికి చిల్లులు పొడిచి, మేత నింపి, చెరువులో పాతిన వెదురుగడకు కట్టింది. చేపలు తమ వేళకు వచ్చి, సంచిని పొడిచి, కావలసినంత తిని, తోక తిప్పి వెళ్లిపోయేవి. సంచిలో మేత మిగిలితే మర్నాడు ఆ మేరకు తగ్గించేది.

పెళ్లిరోజు రానే వచ్చింది. రాజు పరివారంతో చెరువుగట్టుకు వచ్చాడు. వల లాగడానికి జాలర్లు చాల్లేదు. భటులు దిగారు. చివరికి కిరీటం పక్కన పెట్టి రాజే ఓ చెయ్యి వేశాడు. వల ఒడ్డుకు చేరేసరికి జనం ఈలలతో గట్టు అదిరిపోయింది. ముసలి బొచ్చెచేపను మాత్రం నాంచారమ్మ రెండు చేతులా ఎత్తి మళ్లీ నీళ్లలోకి వదిలింది.

"భళా! ఇంతలా ఎదగడానికి ఏం పెట్టావమ్మా?" అన్నాడు రాజు.

"అవి అడిగినప్పుడు పెట్టాను మహారాజా. చాలన్నప్పుడు ఆపాను. ఆపడమే కష్టమైంది!"

రాజు పకపకా నవ్వి, అక్కడికక్కడే వంటశాల తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

కాబట్టి పిల్లలూ, పెట్టే మనసు ఒక్కటే చాలదు. తినేవారి ఆకలి తెలుసుకుని పెట్టినదే మంచి తిండి.